అల్‌బీరూనీ కొలమానం

గణిత, భౌతిక శాస్త్రాల యెడల అనురక్తి మనిషికి లెక్కలు నేర్పి ఊరుకోదు. లోకాన్ని చూసే తీరునే మార్చివేస్తుంది. క్రీ.శ. 973లో ఖ్వారిజ్మ్‌లో జన్మించిన అబూ రైహాన్ అల్‌బీరూనీ జీవితం ఇందుకు నిదర్శనం.

గజనీ నగరానికి ఖిబ్లా దిశను గణితరీత్యా నిర్ణయించడానికి ఆయన పూనుకొన్నాడు. ఊళ్ళ మధ్య దూరాలను డిగ్రీలలోకి మార్చాలంటే భూగోళం ఎంతటిదో తెలియాలి. ఖలీఫా మామూన్ కాలపు విద్వాంసులు ఎడారిలో నడిచి కొలిచారు. బీరూనీ వేరొక మార్గం త్రొక్కాడు. పంజాబులోని నందనా కోట వద్ద ఒక కొండ ఎత్తు లెక్కగట్టగా 652 మూరలు తేలింది. కొండనెక్కి చూస్తే నేల, ఆకాశం కలిసే రేఖ కంటి మట్టానికి సుమారు అర డిగ్రీ క్రిందుగా కనిపించింది. ఈ రెండు అంకెలతోనే భూమి వ్యాసార్ధాన్ని రాబట్టాడు! అయినా పూర్వుల పరికరాలు మేలైనవనీ, వారి శ్రమ అధికమనీ ఒప్పుకొని, వారి కొలతకే ప్రాధాన్యమిచ్చాడు.

నమాజు వేళలు తెలిపే ఒక పరికరంపై రూమీ నెలల పేర్లున్నాయని ఒక మతపెద్ద దానిని త్రోసిపుచ్చాడట. రూమీలు భోజనం కూడా చేస్తారు గదా, అదీ మానుకోవలసిందేనన్నది బీరూనీ జవాబు. కటువైన మాటే, కాని న్యాయమైనది.

1030 ప్రాంతంలో హిందూ దేశాన్ని గూర్చి వ్రాసినప్పుడూ ఇదే తీరు. గ్రహణ కారణం ఎరిగిన బ్రహ్మగుప్తుడు రాహువు కథను సమర్థించడం చూసి ఆశ్చర్యపోయాడు. అయితే నిందించి వదలలేదు. సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందని భయపడి ఉంటాడని ఊహించాడు.