చేపకు గాయమైనప్పుడు

మనిషి చర్మము తెగినచో రక్తము గడ్డకట్టి, పైన చెక్కు కట్టును. ఆ చెక్కు మాటున క్రొత్త చర్మము పెరుగును. నీటిలో నివసించు చేపకు ఇట్టి ఎండిన చెక్కు ఏర్పడదు. మరి గాజుతొట్టిలోని బంగారు చేప రాతికి గీసికొన్నను, తోటి చేప కొరికినను ఎట్లు కోలుకొనును?

చేప ఒంటిపై జారుడుగా తగులు జిగురే దాని మొదటి రక్షణ. సూక్ష్మజీవులను అడ్డగించు పదార్థములు అందులో కలవు. పొలుసు చర్మముపై అతికించిన పెంకు కాదు. అది చర్మపు లోపొరలో నాటుకొని, పైన పలుచని కణముల పొరచే కప్పబడియుండును. పొలుసు ఊడినచో ఆ పొర చిరుగును. అయితే గాయపు అంచులనున్న కణములు కొన్ని గంటలలోనే జరిగివచ్చి పుండును కప్పనారంభించును. పొలుసులు, రెక్కలు తరువాత నెమ్మదిగా మరల పెరుగును.

ఈలోగా చేపకు రెండు అపాయములు కలవు. మొదటిది నీరే. మంచినీటి చేప రక్తములోని లవణములు లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పుతో సమానము. మంచినీటిలోనో, సాధారణముగా అరగ్రాము కూడ ఉండవు. నీటిలో వేసిన ఎండుద్రాక్ష ఉబ్బునట్లు, ద్రవాభిసరణము వలన నీరు గాయము గుండా లోనికి చొచ్చును. లవణములు వెలికి పోవును. వీనిని సరిచేయుటకే చేప శక్తి ఖర్చగును.

రెండవది వ్యాధి. కృష్ణా డెల్టా రైతులు దీనిని బాగుగా ఎరుగుదురు. కొల్లేరు, కైకలూరు ప్రాంతపు చెరువులలో చేపపేను కుట్టినచోట ఎర్రని పుండ్లు పడును. ఆ దారిన బాక్టీరియా ప్రవేశించును. 1971లో జపానులో మొదట గుర్తింపబడిన పుండ్ల వ్యాధి 1988లో మన దేశపు ఈశాన్య ప్రాంతమున కనిపించి, పిదప ఆంధ్రప్రదేశ్‌కు వ్యాపించి కొరమీను వంటి చేపలను చంపినది. దీనికి కారణమైన అఫనోమైసిస్ అను బూజువంటి జీవి దెబ్బతిన్న చర్మమునే సులువుగా పట్టుకొనును.

కావున గాయపడిన చేపకు చికిత్స అనగా ముఖ్యముగా నీటికి చికిత్సయే. పసుపు పూయుటకై చేపను మాటిమాటికి పట్టుకొనరాదు; జిగురు ఊడిపోవును. 20 లీటర్లు పట్టు వేరొక తొట్టిలో దానిని ఒంటరిగా ఉంచవలెను. కుళాయినీటిలోని క్లోరిన్ మొప్పలకు హానికరము. ఆ నీటిని వెడల్పయిన పాత్రలో ఒక దినము నిలువయుంచి వాడవలెను. గాలిపంపు నడువవలెను. 20 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నరయే కరుగును. 40 డిగ్రీలు దాటు విజయవాడ వేసవిలో గాలిపంపు ఆగినచో చేపకు ఊపిరాడదు.

నీటిలో కొద్దిగా ఉప్పు కలిపినచో రక్తమునకు, నీటికి గల తేడా తగ్గి చేపకు శ్రమ తగ్గును. 20 గ్రాముల కల్లుప్పును విడిగా కరగించి, కొంచెము కొంచెముగా పోయవలెను. మరునాడు ఇంకొక 20 గ్రాములు కలుపవచ్చును. అప్పుడు లీటరుకు 2 గ్రాములగును. బంగారు చేప దీనిని తట్టుకొనగలదు. కొన్నిరకముల జెల్లలు, నీటిమొక్కలు తట్టుకొనలేవు.

మలినములనుండి పుట్టు అమ్మోనియా విషము. అందుచే మేత తగ్గించి, దినమునకు 5 లీటర్ల నీరు మార్చవలెను. ఇచట తరగతిలో చేయదగిన లెక్క ఒకటి కలదు. 5 లీటర్లతో 10 గ్రాముల ఉప్పు పోవును. కనుక క్రొత్త నీటిలో 10 గ్రాములే కలుపవలెను. పొరపాటున 40 గ్రాములు కలిపినచో మొత్తము 70 గ్రాములై, లీటరుకు మూడున్నర గ్రాములగును. ఆవిరైన నీటితో ఉప్పు పోదు. దాని బదులు ఉప్పులేని నీరే పోయవలెను.

పుండు అంచులు తెల్లబడి మూసికొనుచు, చేప మేతకు వచ్చుచున్నచో కోలుకొనుచున్నట్లే. దూదివలె బూజు పట్టినను, ఎరుపు వ్యాపించినను పశువైద్యునిగాని, మత్స్యశాఖ వారినిగాని సంప్రదింపవలెను. మందులు స్వయముగా వాడరాదు. జబ్బుపడిన చేపను జాలితోనైనను ఏలూరు కాలువలోగాని, బందరు కాలువలోగాని విడువరాదు. ఒక తొట్టిలోని వ్యాధి కాలువ వెంట చెరువులకు చేరినచో, నష్టపడునది చేపల రైతే.