మంచమే అంతరిక్షమైతే..

వనస్థలిపురంలో ఏ కాలనీకి వెళ్లినా ఇదే తీరు. ఇంట్లో పెద్దవాళ్లకు జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా, బాత్రూంలో కాలు జారినా అందరి నోటా ఒకటే మాట: ‘కదలకు, పడుకో’. మంచం దగ్గరికే కాఫీ, మంచం దగ్గరికే అన్నం. ప్రేమతోనే చేస్తాం. కానీ అలా పడుకున్న పది రోజుల్లో వాళ్ల కాళ్లకు ఏమవుతుందో తెలియాలంటే, నేలకు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాకా వెళ్లి రావాలి.

మన శుభాంశు శుక్లా 2025 జూన్ 25న బయల్దేరి, అక్కడ 18 రోజులు ఉండి, జులై 15న తిరిగొచ్చారు. వచ్చాక ఒకరోజు ల్యాప్‌టాప్ మూసి మంచం పక్కన గాల్లో వదిలేశారట, తేలుతుందనుకుని! చేతిలో ఫోన్ కూడా బరువుగా తోచిందట. యుద్ధ విమానాలు నడిపిన మనిషికే మూడు వారాల్లోపే ఇలా అయ్యింది. ఎనిమిది రోజులకని వెళ్లి 286 రోజులు ఉండిపోయిన సునీతా విలియమ్స్‌ను 2025 మార్చిలో స్ట్రెచర్ మీదే తీసుకెళ్లారు. ఆమెకు జబ్బు చేసి కాదు, చాలాకాలం అక్కడ ఉండి వచ్చిన ఎవరి విషయంలోనైనా తీసుకునే జాగ్రత్తే అది. తండ్రి వైపు నుంచి హైదరాబాద్ మూలాలున్న రాజాచారి 2021-22లో 177 రోజులు అంతరిక్షంలో గడిపారు. ఆయనకూ రోజూ కసరత్తు తప్పలేదు. (బండ్ల శిరీష 2021లో చేసింది కొద్ది నిమిషాల భారరహిత ప్రయాణమే కాబట్టి ఆమె ఎముకలకు ఈ బెంగ లేదు.)

వాడకపోతే కరుగుతుంది

ఎముకను మనం రాయిలాంటిది అనుకుంటాం. నిజానికి అందులో నిత్యం మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. కొన్ని కణాలు పాత ఎముకను తవ్వేస్తుంటే, మరికొన్ని కొత్తది నింపుతుంటాయి. ఎక్కడ ఎంత నింపాలో చెప్పేది దాని మీద పడే బరువే. నిలబడినప్పుడు, నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు తుంటి మీద, తొడ ఎముక మీద పడే ఒత్తిడే ‘ఇది కావాలి, ఉంచు’ అన్న కబురు. అంతరిక్షంలో ఆ కబురు అందదు. తవ్వకం ఆగదు, నింపడం తగ్గిపోతుంది. దాంతో బరువు మోసే ఎముకల సాంద్రత నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా పడిపోతుంది. వయసు పైబడినవారిలో ఏడాదిలో జరిగే నష్టం అక్కడ నెలలో జరిగిపోతుందన్నమాట. కరిగిన క్యాల్షియం మూత్రంలోకి చేరి కిడ్నీలో రాళ్ల ముప్పునూ పెంచుతుంది.

అందుకే అక్కడివాళ్లు రోజుకు రెండు గంటలు చెమటోడుస్తారు. బెల్టులతో కట్టేసుకుని ట్రెడ్‌మిల్ మీద పరుగెడతారు. అక్కడ ఇనుప బరువులు ఎత్తినా లాభం లేదు కాబట్టి, శూన్యం నింపిన సిలిండర్లు ఎదురు లాగే యంత్రంతో గుంజీలు తీస్తారు. ఎండ తగలదు కనుక విటమిన్ డి మాత్రలు వేసుకుంటారు.

ఇక మంచం సంగతి. అంతరిక్షంలో శరీరానికి జరిగేది నేల మీదే చూడాలంటే శాస్త్రవేత్తలు చేసే పని, ఆరోగ్యవంతులను మంచాన పడుకోబెట్టడం! జర్మనీలోని కొలోన్‌లో 2019లో కొందరిని తల వైపు ఆరు డిగ్రీలు వంచిన మంచాలపై 60 రోజులు అలాగే ఉంచారు. మన ఇళ్లకు ఇంకా దగ్గరగా వచ్చే ప్రయోగం మరొకటుంది. సగటున 67 ఏళ్లున్న ఆరోగ్యవంతులను అమెరికాలో పది రోజులు మంచానికే పరిమితం చేశారు. కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గింది. 2007లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన ఫలితమిది. వాళ్లకు ఏ జబ్బూ లేదు. జబ్బుతో పడుకున్న మీ నాన్నగారి సంగతి ఊహించుకోండి. కండ తగ్గిన కాళ్లు తడబడతాయి, పలచబడ్డ తుంటి ఎముక విరుగుతుంది. దాంతో మళ్లీ మంచం.

మరేం చేయాలి?

ముందు డాక్టర్‌ను ‘ఎన్ని రోజులు పడుకోవాలి’ అని కాదు, ‘ఎప్పటి నుంచి లేపి కూర్చోబెట్టొచ్చు’ అని అడగండి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లను కూడా చాలామందిని మర్నాడే నిలబెడుతున్నారు. అయితే వెన్ను దెబ్బలు, గుండె జబ్బులు, పక్షవాతం ఉన్నవారి విషయంలో సొంత వైద్యం వద్దు. అంతరిక్షం నుంచి వచ్చినవారికి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగినట్టే, మంచం పట్టినవారికీ తిరుగుతాయి. కాబట్టి ఒక్కసారిగా లేపొద్దు. కాళ్లు కిందికి వేలాడేసి కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి, మడమలు ఆడించమని, ఆ తర్వాతే చేయి పట్టుకుని నిలబెట్టండి. లేవలేనివారైతే పడుకునే తొడలు బిగించి వదలడం, కాలు ఎత్తి దించడం చేయించవచ్చు. ఫిజియోథెరపిస్టు ఒక్కసారి చూపిస్తే ఇంట్లోవాళ్లే చేయించుకోగలరు. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించి జావతోనే సరిపెట్టడం ఇంకో పొరపాటు. కండ తిరిగి రావాలంటే ప్రొటీన్ కావాలి.

ఆరోగ్యంగా ఉన్నవారికి ఇది మరీ తేలిక. హరిణ వనస్థలి వైపు పొద్దున్నే నడకకు వెళ్లేవారు ఎలాగూ వెళ్తున్నారు. దానికి తోడు రోజూ కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. చేతులు ఆనించనిదే లేవలేకపోతుంటే కాళ్లు అప్పటికే బలం కోల్పోయాయని అర్థం. 65 దాటిన మహిళలు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు డెక్సా పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. రైతుబజార్ నుంచి కూరగాయల సంచి మోసుకొస్తానని అమ్మ పట్టుబడితే, ఆమెకు నడుం, మోకాళ్ల బాధ లేనంతవరకు మోయనివ్వండి. రెండు సంచుల్లో సమంగా సర్దిస్తే చాలు.