పడవకు పగులు పడితే

మాచర్ల దగ్గర నాగార్జునసాగర్ జలాశయం ఉంది. అక్కడ చేపలు పట్టేవాళ్ళకు పడవే కూడు పెడుతుంది. ఫైబర్ పడవ రాయికి తగిలితే పగులుతుంది. లోపలికి నీరు చేరుతుంది. ప్రాణానికే ముప్పు.

పైన రంగు పూస్తే చాలదు. పడవను ఒడ్డుకు లాగి బాగా ఆరనివ్వాలి. పాడైన చోటు గరుకు కాగితంతో అరగదీయాలి. గాజునార చాప ముక్కలు పరిచి, రెజిన్ అనే జిగురుతో తడపాలి. పొర మీద పొర వేయాలి. ఆఖరున జెల్‌కోట్ పూయాలి. అది నీటిని ఆపే రంగు పొర.

రెజిన్ గట్టిపడాలంటే హార్డెనర్ మందు కలపాలి. మామూలుగా కిలోకు 10 నుంచి 20 గ్రాములు. ఎక్కువైతే వేడెక్కి పగులుతుంది. తక్కువైతే గట్టిపడదు.

ఆ మందు కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకోవాలి.

డబ్బా మీది అంకెలు చదివి కొలవాలి. చదువు నేర్చిన అక్కే ఆ కొలత చెప్పవచ్చు.