మోటర్ హోమ్ టైర్ల ఎంపిక: బరువు, వయసు, గాలి

సినిమా షూటింగుల దగ్గర నటీనటుల విశ్రాంతి కోసం నిలిపి ఉంచే కారవాన్ తెలుగువారికి తెలిసినదే. అమెరికాలో మోటర్ హోమ్ అని పిలిచే వాహనం దానికి దగ్గరి బంధువే అయినా, అది సాధారణ కుటుంబాల చేతిలో, ఇంటి యజమానే డ్రైవరుగా, రాష్ట్రాలు దాటి వేల మైళ్లు తిరుగుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ సెలవుల్లో దీన్ని అద్దెకు తీసుకుని జాతీయ ఉద్యానవనాలకు వెళ్లేవారు, సొంతంగా కొనుక్కునేవారు ఉన్నారు. పడక, వంటగది, స్నానాల గది, నీటి ట్యాంకు, జనరేటరు అన్నీ ఒకే చాసిస్ మీద మోసే ఈ బండికి పాత టైర్లు తీసి కొత్తవి వేయించవలసి వచ్చినప్పుడు, కారు నడిపిన అనుభవం యజమానిని తప్పుదారి పట్టిస్తుంది. కారు టైరు అరిగిపోయి మారుతుంది. మోటర్ హోమ్ టైరు చాలా సందర్భాల్లో అరగకుండానే ముసలిదైపోయి మారుతుంది.

ఏడాదిలో ఎక్కువ నెలలు కదలకుండా నిలబడి ఉండడమే ఇందుకు కారణం. గాలిలోని ఓజోన్ వాయువు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరును నిరంతరం దెబ్బతీస్తుంటాయి కాబట్టి తయారీదారులు రబ్బరులోనే మైనం వంటి రక్షక పదార్థాలను కలుపుతారు. టైరు తిరుగుతూ వంగి లేస్తున్నప్పుడు ఆ పదార్థాలు పైకి ఊరి, ఉపరితలం మీద పొరగా ఏర్పడతాయి. నిలిచిన బండిలో ఆ కదలిక లేక పొర తరిగిపోతుంది, టైరు పక్కగోడ మీద సన్నని పగుళ్లు మొదలవుతాయి. గాట్లు కొత్తవాటిలా లోతుగా కనిపిస్తున్న టైరు లోపల రబ్బరుకూ ఉక్కు తీగల పొరలకూ మధ్య పట్టు సడలుతూ ఉండవచ్చు, దాన్ని కంటితో పసిగట్టడం సాధ్యం కాదు. అందుకే అయిదేళ్లు దాటిన టైర్లను ఏటా నిపుణుల చేత పరీక్ష చేయించాలని, బాగున్నట్టు కనిపించినా తయారైన నాటి నుంచి పదేళ్లకు తప్పక తీసివేయాలని మిషెలిన్ సంస్థ సూచిస్తుంది. మోటర్ హోమ్ విషయంలో ఆ పదేళ్లను ఆఖరి గడువుగానే తీసుకోవాలి తప్ప, అంతవరకూ నిశ్చింతగా ఉండవచ్చని అర్థం చేసుకోరాదు.

టైరు వయసు దాని మీదే ముద్రించి ఉంటుంది. పక్కగోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతంలోని చివరి నాలుగు అంకెలు 2319 అయితే, ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఈ పూర్తి సంకేతం తరచుగా టైరుకు ఒకవైపే ఉంటుంది. అది లోపలి వైపుకు తిరిగి ఉంటే బండి కిందికి దూరి, టార్చిలైటు వేసి చదవక తప్పదు. కొత్త టైర్లు కొనేటప్పుడు కూడా ఈ నాలుగు అంకెలు చూడకుండా డబ్బు చెల్లించకూడదు. రెండేళ్లు గోదాములో ఉన్న టైరును కొత్తదాని ధరకు కొన్న యజమాని దాని ఆయుష్షులో రెండేళ్లను ముందే పోగొట్టుకున్నట్టే.

వయసు తరువాత చూడవలసినది బరువు, అసలు కష్టం ఉన్నది ఇక్కడే. మోటర్ హోమ్‌లు ఎక్కువగా తయారయ్యే చాసిస్‌లలో ఒకటైన ఫోర్డ్ ఇ-450 ఇటీవలి నమూనాల్లో వెనుక ఇరుసు మోయదగిన గరిష్ఠ బరువు 9,600 పౌండ్లు, అంటే సుమారు 4,350 కిలోలు. ఆ ఇరుసుకు ఒక్కో వైపు రెండేసి చొప్పున నాలుగు జంట టైర్లు ఉంటాయి. ఈ తరగతి బండ్లకు చిరకాలంగా వాడుకలో ఉన్న ఎల్‌టీ 225/75ఆర్16 కొలత టైరు, లోడ్ రేంజ్ ఇ రకానిదైతే, జంటలో ఉన్నప్పుడు 80 పీఎస్ఐ గాలితో ఒక్కొక్కటి 2,470 పౌండ్లు మోస్తుంది. పీఎస్ఐ అంటే చదరపు అంగుళం మీద పడే ఒత్తిడిని పౌండ్లలో చెప్పే కొలత. లోడ్ రేంజ్ అంటే టైరు ఎంత గాలికి, ఎంత బరువుకు తట్టుకునేలా తయారైందో అక్షరంలో తెలిపే శ్రేణి. నాలుగు టైర్లూ కలిసి 9,880 పౌండ్లు మోయగలవు కనుక ఇరుసు పరిమితికీ టైర్ల పరిమితికీ మధ్య మిగిలేది 280 పౌండ్లే. ఇరుసు పరిమితి మేరకు ఇప్పటికే నిండిన బండి వెనుక భాగంలో మరో 150 లీటర్ల నీరు నింపితే చాలు, టైర్ల పరిమితి కూడా దాటిపోతుంది. అదే టైర్లలో గాలి 65 పీఎస్ఐకి తగ్గితే ఒక్కొక్కటి 2,150 పౌండ్లే మోస్తుంది. అప్పుడు నాలుగింటి శక్తి 8,600 పౌండ్లకు, అంటే ఇరుసు పరిమితికి వెయ్యి పౌండ్లు తక్కువకు పడిపోతుంది. బరువును మోసేది టైరులోని గాలి అన్న మాట ఈ లెక్క చూస్తే పూర్తిగా బోధపడుతుంది.

కాబట్టి కొనే ముందు బండిని ప్రయాణానికి సిద్ధం చేసినట్టే నీరు, ఇంధనం, సామాను నింపి, ఎక్కవలసిన మనుషులను కూర్చోబెట్టి వేబ్రిడ్జి మీద తూకం వేయించాలి. అమెరికా రహదారుల పక్కన లారీలు ఆగే కేంద్రాల్లో ఉండే క్యాట్ స్కేల్ కాటాలు ఒక్కో ఇరుసు బరువును విడిగా చెబుతాయి. వీలుంటే ఒక్కో వైపు బరువును కూడా విడిగా తూయించడం మేలు, ఎందుకంటే ఫ్రిజ్, జనరేటరు, బయటికి జరిగే గది వంటివి ఒకే పక్కన ఉండి ఆ పక్క ఎంతో బరువెక్కవచ్చు. ఆ తూకాన్ని తయారీదారు ప్రచురించే బరువు–గాలి పట్టికతో సరిచూసి, ఇరుసులో బరువైన వైపుకు ఎంత గాలి కావాలో అంతే రెండు వైపులా పట్టించాలి. ఆ గాలిని కూడా బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

ఏ పనికి తయారైన టైరు అన్న ప్రశ్నను తేలికగా తీసుకుంటే ఏమవుతుందో జీ159 ఉదంతం చూపుతుంది. గుడ్‌ఇయర్ సంస్థ 1996 నుంచి 2003 వరకు తయారుచేసిన ఈ రకంలో 275/70ఆర్22.5 కొలత టైర్లను మోటర్ హోమ్‌లకూ అమర్చారు. రహదారి వేగాల్లో ఇవి మితిమీరి వేడెక్కుతున్నాయన్న ఆరోపణతో ప్రమాద బాధితులు దావాలు వేశారు. సంస్థ జరిపిన వేడి పరీక్షల ఫలితాలను ఒక దావాలో బయటపెట్టకపోవడంపై విధించిన జరిమానా వివాదం 2017లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1998–2009 మధ్య ఈ టైర్ల వైఫల్యంతో ఎనిమిది మంది మరణించారని, 69 మంది గాయపడ్డారని రహదారి భద్రతను చూసే ఫెడరల్ సంస్థ పేర్కొన్న తరువాత, 2022లో సుమారు 1,73,000 టైర్లను వెనక్కు పిలిపించారు. టైరులో లోపం లేదని, అధిక బరువు, తక్కువ గాలే కారణమని తయారీదారు వాదించింది. ఆ వాదనను ఉన్నదున్నట్టు ఒప్పుకున్నా కొనుగోలుదారుకు మిగిలే హెచ్చరిక తీవ్రమైనదే: వైఫల్యానికి దారి తీసే ఆ రెండు పరిస్థితులూ మోటర్ హోమ్‌లో సర్వసాధారణం కనుక, వాటికి కొంతైనా ఓర్చుకునే మిగులు శక్తి ఉన్న టైరునే ఎంచుకోవాలి.

ఆ మిగులు కోసం లోడ్ రేంజ్‌లో ఒక మెట్టు పైదాన్ని వేయించవచ్చు గానీ, చక్రం రిమ్ కూడా ఆ అధిక గాలికి తగినదై ఉండాలి. కొలత పెంచితే జంట టైర్ల మధ్య ఎడం తగ్గి, బరువుకు ఉబ్బిన పక్కగోడలు ఒకదానితో ఒకటి రాసుకుని కాలిపోయే ప్రమాదం ఉంది. ట్రైలర్ల కోసం ప్రత్యేకంగా చేసే ఎస్‌టీ రకం, ఎంత చవకగా దొరికినా, మోటర్ హోమ్‌కు పనికిరాదు. యూరప్‌లో ఇటువంటి బండ్ల కోసమే సీపీ అనే గుర్తుతో గట్టి టైర్లు దొరుకుతాయి. వేగం గుర్తును కూడా చూడాలి: పెద్ద మోటర్ హోమ్‌లకు వేసే లారీ తరహా టైర్లలో చాలావాటికి పరిమితి గంటకు 75 మైళ్లు కాగా, పశ్చిమ టెక్సస్ రహదారుల మీద చట్టం 80 మైళ్ల వరకు అనుమతిస్తుంది.

టైర్లతోపాటు వాల్వులను మార్పించడం తప్పనిసరిగా భావించాలి, అంత గాలికి లోహపు వాల్వులే నమ్మదగినవి. పదివేల పౌండ్లు మించిన బండ్లకు గాలి తగ్గితే హెచ్చరించే పరికరాన్ని చట్టం విధించదు కనుక దాన్ని విడిగా కొని అమర్చుకోవాలి. జంటలో లోపలి టైరుకు గాలి పోయినా బయటి టైరు దాన్ని మరుగుపరుస్తుంది, ఆ భారమంతా తానే మోసి వేడెక్కి పేలుతుంది. ఆరు టైర్లనూ ఒకేసారి మార్చే స్తోమత లేనివారు ముందు ఇరుసుకు కొత్తవి వేయించాలి, ఎందుకంటే అక్కడ టైరు పేలితే స్టీరింగే అదుపు తప్పుతుంది. వెనుక జంటలో మాత్రం ఒక పాతదాన్నీ ఒక కొత్తదాన్నీ కలపకూడదు, వ్యాసంలో తేడా వచ్చి పెద్దదాని మీదే బరువు పడుతుంది. పెద్ద మోటర్ హోమ్‌లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, అంత బరువైన చక్రాన్ని దారిలో యజమాని ఒంటరిగా మార్చనూ లేడు. అందుచేత పెద్ద టైరును మోసుకొచ్చి బిగించే రోడ్డుసాయం ఒప్పందాన్ని కూడా టైర్ల ఖర్చులో భాగంగానే లెక్కవేసుకోవాలి.