నీతికథ – అధిక్షేపము – అన్యాపదేశము

నీతికథయు, నధిక్షేపమును, నన్యాపదేశమును బాలురకుఁ దఱచు నొక్కటిగాఁ దోఁచును. మూఁడింటను గథ యొకటి, తాత్పర్య మొకటి. భేదమెట్టిదన:

చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో మృగపక్షులు మాటలాడును. కథ ముగియునప్పటికి నీతి నిలుచును. పాత్రలు మఱపునఁ బడినను హాని లేదు. నంది మల్లయ, ఘంట సింగయల ప్రబోధచంద్రోదయమున వివేకుఁడును మహామోహుఁడును రాజులై పోరుదురు. అన్యాపదేశమున నిట్లు ప్రతిపాత్రకును దాని మనోధర్మము కడవఱకు సరిపోవలెను.

అధిక్షేపమున మనుష్యులు మనుష్యులుగనే కనఁబడుదురు. తాత్పర్యము నవ్వులో దాఁగియుండును. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు, నేఁటి వరంగల్లగు నోరుగంటి వీథులఁ దిరుగుచుఁ గోడిపందెములు మొదలు మాచల్దేవి చిత్రశాల వఱకు నన్నియుఁ జూతురు. సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రమున (1949) కీ కావ్య మొక యాధారము. అయినను, నిది కాకతీయరాజ్యము 1323లో నస్తమించిన పిమ్మటఁ బుట్టిన కృతి. పైగాఁ బరిహాసము దోషమును బెంచి చూపును. ఓరుగంట నేమేమి యుండెనో చెప్పుటకుఁ గావ్యము సాక్షి; ఎంతెంత యుండెనో చెప్పుటకుఁ గాదు.

కావున నుపాధ్యాయుఁడు ముందుగాఁ గావ్యజాతిని నిర్ణయించి, పిమ్మట నర్థము చెప్పవలయును.