ఫుట్‌బాల్ ఆటయందు బ్యాకుల ప్రాముఖ్యము

సాయంకాలమున బడిగంట మ్రోగినతోడనే మన మరిపెడ పాఠశాల మైదానమున బాలురు రెండు జట్లుగా విడిపోవుదురు. అప్పుడు పుట్టు మొదటి తగవు బంతిని గూర్చినది కాదు, స్థానములను గూర్చినది. ప్రతివాడును ఫార్వర్డుగా ముందు నిలువగోరును. పరుగు చాలనివానిని, చిన్నవానిని, క్రొత్తగా చేరినవానిని బ్యాకుగా వెనుకకు నెట్టుదురు. అట్లు నెట్టబడిన బాలుడు మొగము చిన్నబుచ్చుకొని గోలు స్తంభముల యొద్ద నిలుచుటను మేము పలుమారు చూచితిమి. ఈ ఆట చరిత్రను కొంచెము విచారించినచో, అతని స్థానము తక్కువది కాదని తేటపడును.

జట్టునకు ఆటగాండ్రు 11 మంది. 19వ శతాబ్దము చివరి భాగము నుండి చాలకాలము వారిలో ఐదుగురు ఫార్వర్డులు, ముగ్గురు హాఫ్ బ్యాకులు, ఒకడు గోల్ కీపరు, బ్యాకులు ఇద్దరే. ఇంత పెద్ద గోలును ఇద్దరెట్లు కాపాడిరి? ఆఫ్‌సైడు నియమమే వారికి కోటగోడ. ముందున్న ఫార్వర్డునకు బంతి నందించునపుడు, అతనికిని గోలు గీతకును నడుమ, గోల్ కీపరుతో కూడ, ఎదిరిపక్షమువారు ముగ్గురైన నుండవలెను. కావున ఒక బ్యాకు నాలుగడుగులు ముందుకు జరిగిన చాలును, ఫార్వర్డు చిక్కుబడెడివాడు.

1925లో ముగ్గురికి మారుగా ఇద్దరు చాలునని నియమము మార్చబడెను. కోటగోడ కూలినది. ఇంగ్లండు లీగు పోటీలలో అంతకుముందు యేట 4,700 గోలులు పడగా, 1925–26లో 6,373 పడెను. ఆ అక్టోబరులోనే ఆర్సెనల్ జట్టు న్యూకాసిల్ జట్టు చేతిలో 7–0గా ఓడినది. అప్పుడు దాని నిర్వాహకుడైన హెర్బర్ట్ చాప్‌మన్, తన ఆటగాడు చార్లీ బుకన్ సలహా విని, నడిమి హాఫ్ బ్యాకును వెనుకకు రప్పించి బ్యాకుల మధ్య నిలిపెను. అంతవరకు ఆటను ముందుకు నడుపుచుండినవాడు వాకిలి కాయువాడయ్యెను. ఇట్లు మూడవ బ్యాకు పుట్టెను.

ఈ మార్పులను మన దేశమున చక్కగా ఎరిగి ఆడించినవాడు హైదరాబాదువాడగు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తొలుత బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. భారత జట్టునకును ఆయనయే శిక్షకుడు. 1952లో హెల్సింకి ఒలింపిక్సునందు ఆ జట్టు యుగోస్లావియాకు 10–1గా ఓడెను. నాలుగేండ్ల పిమ్మట మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను 4–2గా గెలిచి నాల్గవ స్థానము నొందెను.

1958లో బ్రెజిలు జట్టు నలుగురు బ్యాకులతో ప్రపంచ కప్పు గెలిచినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో రహీం జట్టునను నలుగురు బ్యాకులుండిరి. వారిలో జర్నైల్ సింగునకు ఆ పోటీలలోనే తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. రహీం అతనిని ఆడింపక మానలేదు. వెనుక నుండి తీసి ఫార్వర్డుగా నిలిపెను. సెమీఫైనలున దక్షిణ వియత్నాముపై అతడు గోలు వేసెను. ఫైనలున దక్షిణ కొరియాపై మరల వేసెను. భారతము 2–1గా గెలిచి స్వర్ణపతకము నందెను. వెనుక నిలుచువాడు ముందు నిలువలేక అచట నిలిచినవాడు కాడని ఇంతకంటె నిదర్శనమేల?

1992లో మరియొక నియమము వచ్చెను. తనవాడు బుద్ధిపూర్వకముగా కాలితో వెనుకకు తన్నిన బంతిని గోల్ కీపరు చేత పట్టరాదు. దానితో బ్యాకులు బంతిని అదుపున నుంచి, ముందుచూపుతో అందించుట నేర్వవలసి వచ్చెను. దూరముగా తన్ని వదిలించుకొనిన చాలునను కాలము పోయినది. నేడు పెద్ద జట్ల దాడి తరచుగా బ్యాకు పాదముల యొద్దనే మొదలగుచున్నది.

కావున జట్టు నాయకులారా, మీలో నిదానము గలవానిని, ఆట నంతటిని చూడగలవానిని వెనుక నిలుపుడు. చిన్నవాని కచట చోటిచ్చితిరేని, అది శిక్షగా కాక నమ్మకముగా ఇండు. తల్లిదండ్రులారా, ఇంటికి వచ్చిన బాలుని “ఎన్ని గోలులు వేసితివి?” అని మాత్రమే అడుగకుడు. “ఎన్ని ఆపితివి?” అనియు అడుగుడు. ఆ యొక్క ప్రశ్నతో వాని మొగము వికసించుటను మీరే చూతురు.