సింగరేణిలో సంఘం అండ కొందరికేనా?

ఓటు లేని కాంట్రాక్టు కార్మికుల గోడు వినేదెవరు?

కార్మిక సంఘాల కాలం చెల్లిందా? బొగ్గు గనుల చుట్టుపక్కల పల్లెల్లో ఈ ప్రశ్న తరచు వినిపిస్తోంది. చందాలకు, పైరవీలకు తప్ప సంఘాలు ఎందుకు పనికొస్తున్నాయని కొందరు పెదవి విరుస్తున్నారు. సంఘమే లేకుంటే కార్మికుడి మొర ఆలకించే నాథుడెవరని మరికొందరు ఎదురు ప్రశ్నిస్తున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం లేకపోలేదు. సంఘం ఎవరి కోసం, ఎలా పనిచేస్తోందన్న దాన్ని బట్టే మేలూ కీడూ ఉంటాయి. ఇందుకు సింగరేణి కథే పెద్ద సాక్ష్యం.

ఇల్లెందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడు ఇందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. కొత్తగూడెం నుంచి ఆసిఫాబాద్ వరకు గోదావరి లోయ పొడవునా విస్తరించిన ఈ గనుల మీద వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి. ఇక్కడి బొగ్గుతో థర్మల్ కేంద్రాలు నడుస్తాయి. రైతు మోటారుకు కరెంటు అందడంలో బాయి కార్మికుడి చెమట కూడా ఉంది. కాబట్టి ఈ సంగతి గని కార్మికులకే కాదు, పల్లె జనానికీ పట్టేదే.

తట్టా చెమ్మస్ రోజులు

యంత్రాలు రాని రోజుల్లో కోల్ ఫిల్లర్లు తట్ట, చెమ్మస్ పట్టుకుని బాయిలోకి దిగేవారు. బొగ్గును తట్టలకెత్తి టబ్బులు నింపేవారు. పైకప్పు ఎప్పుడు కూలుతుందో, నీరు ఎటు నుంచి ముంచెత్తుతుందో తెలియని పని అది. ఆ బతుకులకు భరోసా దానంతటదే రాలేదు. జీతం, సెలవు, క్వార్టరు, ఆస్పత్రి, ఒక్కొక్కటీ సంఘాలు పోరాడి, బేరమాడి సాధించినవే. 1981లో సింగరేణి కార్మికులు 56 రోజుల పాటు సమ్మె చేశారు. నోటీసు లేకుండా పని మానితే 8 రోజుల జీతం కోస్తామన్నందుకు ఆ పోరాటం సాగింది.

బొగ్గు కార్మికులకు 1975 నుంచి జాతీయ వేతన ఒప్పందాలు అమలవుతున్నాయి. 2023 మే నెలలో కుదిరిన 11వ ఒప్పందం ప్రకారం 2021 జూలై 1 నుంచి లెక్కగట్టి కనీసం 19 శాతం పెంపు లభించింది. ఒంటరిగా మేనేజరు ముందు నిలబడి ఏ కార్మికుడూ ఇంత పెంపు తెచ్చుకోలేడు.

రక్షణ విషయం మరీ ముఖ్యం. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. గనుల్లో రక్షణ కమిటీలు ఉండాలి, వాటిలో కార్మికుల ప్రతినిధులు కూర్చోవాలి. ప్రమాదం ఉన్న చోటికి పోబోమని చెప్పిన కార్మికుడి వెనుక సంఘం లేకుంటే, మరునాడు అతనికి చార్జిషీటే మిగులుతుంది.

మితిమీరిన సమ్మెలు

అయితే సంఘాల చరిత్రలో అంతా వెలుగే లేదు. 1980లలో, 1990ల తొలి ఏళ్లలో లెక్కకు మించి సంఘాలు పుట్టుకొచ్చాయి. ఒక సంఘం ఒప్పుకున్నది మరొక సంఘం ఒప్పుకునేది కాదు. చిన్న తగాదాకు కూడా గని గేటు దగ్గర పని ఆగిపోయేది. సమ్మె చేసిన రోజు జీతం పోయేది కార్మికుడికే. నాయకుల పంతాలకు కూలి కుటుంబాలు పస్తులున్న సందర్భాలూ ఉన్నాయి.

సంస్థ నష్టాల్లో కూరుకుపోయింది. 1992లో ఒకసారి, 1996లో మరోసారి ఖాయిలా పరిశ్రమల బోర్డు అయిన బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. ఈ పాపమంతా సమ్మెలదే అనడం న్యాయం కాదు. అప్పట్లో బొగ్గు ధరను కేంద్రమే నిర్ణయించేది. లోతు గనుల్లో తవ్వడానికి అయ్యే ఖర్చు పెరుగుతూ పోయింది. అప్పుల భారమూ తోడైంది. కానీ ఎవరితో మాట్లాడితే మాట నిలుస్తుందో యాజమాన్యానికే తెలియని స్థితి కంపెనీని మరింత కుంగదీసింది.

బ్యాలెట్ తెచ్చిన మార్పు

1998లో గుర్తింపు సంఘానికి రహస్య ఓటింగ్ ద్వారా ఎన్నిక జరిపారు. కార్మికులు ఎన్నుకున్న సంఘంతోనే యాజమాన్యం చర్చలు జరపాలన్నది పద్ధతి. 1998, 2001లలో ఏఐటీయూసీ, 2003లో ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ గెలిచాయి. 2012, 2017లలో టీబీజీకేఎస్ నెగ్గింది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో ఏఐటీయూసీ తిరిగి గుర్తింపు పొందింది. పని చేయని సంఘాన్ని దించడం కార్మికుల చేతికి వచ్చింది. గనికో మెరుపు సమ్మె అన్న పరిస్థితి బాగా తగ్గింది.

సంస్థ లాభాల బాట పట్టింది. 1999-2000 నుంచి లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలైంది. మొదట 10 శాతంగా ఉన్న వాటా 2023-24కు 33 శాతానికి, 2024-25కు 34 శాతానికి చేరింది. ఈ సొమ్ము దసరా, దీపావళి నాటికి గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి బజార్లలో బట్టల కొట్టు నుంచి కిరాణా దుకాణం దాకా చేరుతుంది. సంఘం బేరం వల్ల ఊరి వ్యాపారానికీ మేలు జరుగుతుందనడానికి ఇదే ఉదాహరణ.

తరిగిన కొలువులు

అయినా సంఘాలు ఆపలేకపోయినదీ ఉంది. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న పర్మనెంట్ కార్మికులు నేడు 40 వేల దరిదాపులకు తగ్గారు. ఉత్పత్తి మాత్రం రెండు కోట్ల టన్నుల లోపు నుంచి 2023-24లో 7 కోట్ల టన్నులకు పెరిగింది. ఓపెన్‌కాస్ట్ గనులు, యంత్రాలు వచ్చాయి. వాటితో పాటే కాంట్రాక్టు పద్ధతి పెరిగింది. మట్టి తీసే పని, బొగ్గు రవాణా, పారిశుద్ధ్యం, సెక్యూరిటీ వంటి పనులు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లాయి.

ఓపెన్‌కాస్టుల కింద భూములు పోయిన పల్లెల యువకులకు దొరుకుతున్నది ఎక్కువగా ఈ కాంట్రాక్టు పనే. తండ్రి పర్మనెంట్ కార్మికుడైతే కొడుకు కాంట్రాక్టు కూలీ అయిన ఇళ్లు ఎన్నో. 2025లో సుమారు 30 వేల మంది కాంట్రాక్టు కార్మికులు ఉన్నారని అంచనా. గుర్తింపు ఎన్నికలో వీరికి ఓటు లేదు. కాంట్రాక్టరు మారితే పని ఉంటుందో ఊడుతుందో చెప్పలేరు.

లాభాల పంపకం చూస్తే తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 2024-25 లాభాల్లో పర్మనెంట్ కార్మికుడికి సగటున రూ.1.95 లక్షలు దక్కగా, కాంట్రాక్టు కార్మికుడికి ఇచ్చింది రూ.5,500. అంతకుముందు ఏడాది తొలిసారిగా రూ.5 వేలు ఇచ్చారు. ఆ ముందు అదీ లేదు.

ఈ కాస్త అయినా ఊరికే రాలేదు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. కోల్ ఇండియాలో మాదిరి హైపవర్ కమిటీ వేతనాలు ఇవ్వాలన్నది వారి ప్రధాన డిమాండు. సంఘంగా కదిలితేనే యాజమాన్యం చర్చలకు పిలుస్తుందని ఆ సమ్మె వారికి తెలియజెప్పింది.

కొత్త చట్టంతో కొత్త చిక్కు

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. మస్టర్ రోల్‌లో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో బేరమాడే సంఘమని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. కార్మికులను తొలగించడానికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన సంస్థల పరిమితిని 100 మంది నుంచి 300 మందికి పెంచారు. మూడు వందల లోపు మందితో పని నడిపే చిన్న కాంట్రాక్టర్ల దగ్గర కార్మికుడికి ఆ రక్షణ కూడా ఉండదు. అందుకే సంఘం అవసరం తగ్గలేదు, పెరిగింది.

కార్మిక సంఘం మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు సింగరేణి ఇచ్చే జవాబు స్పష్టం. కార్మికుడికి జవాబుదారీగా ఉన్న సంఘం అతని ఇంటినీ నిలబెట్టింది, కంపెనీనీ నిలబెట్టింది. పంతాలకు పోయిన సంఘాలు రెంటినీ దెబ్బతీశాయి. ఓటున్న 40 వేల మందిని మాత్రమే చూసుకుని ఓటు లేని 30 వేల మందిని వదిలేస్తే రేపు సంఘాలకే పునాది ఉండదు. పర్మనెంట్ కార్మికులు రిటైరవుతున్న కొద్దీ గేటు దగ్గర జెండా పట్టేవారూ తగ్గిపోతారు.

గుర్తింపు సంఘం చర్చలకు కూర్చున్నప్పుడు కాంట్రాక్టు కార్మికుల వేతనాలను కూడా ఎజెండాలో చేర్చాలని, ప్రతి కార్మికుడికి వేతన చీటీ, సీఎంపీఎఫ్ ఖాతా నంబరు అందేలా అధికారులు చూడాలని, కాంట్రాక్టరు మారినా పాతవారినే పనిలో కొనసాగించాలని కాంట్రాక్టు కార్మికులు కోరుతున్నారు.